శీలావతి తాగుడు కేసు

మల్లెటిలంక చేపలకు తాగుడు అలవాటైందన్న సంగతి ఆ ఊళ్లో అందరికంటే ఆఖరున తెలిసింది మంగతాయారుకి. ఆ చేపలు ఆవిడవే కావడం వల్ల అలా జరిగి ఉంటుంది.

అంతకు ముందు ఆమెకు తెలిసిందల్లా చేపలకు కడుపులో బాగాలేదని మాత్రమే. ఆమెది మూడెకరాల చెరువు. అందులో ఎనిమిది వేల చేపలు. శీలావతులు ఎక్కువ, బొచ్చెలు తక్కువ, అడుగున బురదలో తిరిగే ఎర్రమోసులు ఇంకా తక్కువ. చెరువులో వరసగా వెదురు గడలు పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, గడకొకటి చొప్పున నీళ్లలోకి వేలాడదీస్తారు. ఒంట్లో బాగున్న చేప వచ్చి ఆ చిల్లుకి మూతి ఆనించి తవుడు లాగేస్తుంది. సాయంత్రానికి సంచి ఖాళీ అయితే చెరువు బాగున్నట్టు.

ఆ భాద్రపదంలో సంచులు కట్టినవి కట్టినట్టే తిరిగొచ్చాయి. చేపలు పొద్దున్నే నీటిమీదికి తేలి, నోళ్లు తెరుచుకుని, పొట్టల కింద ఎర్రటి చారలతో దిక్కులు చూశాయి. తాయారు మొగుడు పెద్దిరాజు కూడా గట్టుమీద కూర్చుని అలాగే దిక్కులు చూశాడు. ఏడాది కష్టమంతా ఆ నీళ్లలో ఉంది. ఆ చెరువు పోతే మళ్లీ పిల్ల చేప వేసే శక్తి ఇద్దరికీ లేదు.

అప్పుడు మత్స్య ఆరోగ్య విభాగం నుంచి స్వర్ణకుమారి అనే అమ్మాయి స్కూటరు మీద వచ్చింది. ప్రతి చెరువుకూ ప్రోబయోటిక్ అందించాలని ఆ విభాగం ఆ ఏడు గట్టిగా పట్టుబట్టి ఉంది.

"పిన్నీ, మనకి మజ్జిగెలాగో చేపకి ఇదలాగ. పొట్టలో మంచి క్రిములు తగ్గిపోతే చెడ్డవి ఎక్కి కూచుంటాయి. ఈ పొట్లంలో ఉన్నవి మంచివి. వీటినే ప్రోబయోటిక్ అంటారు" అంది.

"మరి ఈ బెల్లం దేనికమ్మా?"

"ఆ క్రిములు తినొద్దా మరి? వాటి తిండి ప్రీబయోటిక్."

"అంటే చేపకో మేత, చేప పొట్టలో ఉన్నోడికో మేత. రెండు సంసారాలు ఈదాలన్నమాట" అన్నాడు పెద్దిరాజు.

"నువ్వు ఒక్క సంసారమైనా ఈదింది ఎప్పుడులే" అని తాయారు పైట బిగించి నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చింది.

డ్రమ్ములో తవుడు, బెల్లం, ఈస్టు, పొట్లంలోని పొడి నీళ్లలో కలిపి, మూతపెట్టి రెండు రోజులు ఊరబెట్టడం, ఊరిన నీటిని మేతలో కలిపి సంచులకెత్తడం, చేయాల్సిందంతా ఇంతే. వారం తిరిగేసరికి చేపలు సంచుల మీద ఎగబడ్డాయి. పొట్టల కింద చారలు మాయమయ్యాయి. ఊరి మొదట్లో 'ఇది ప్రోబయోటిక్ గ్రామము' అని ఒక బోర్డు లేచింది. ఆ బోర్డు ముందు నిలబడి స్వర్ణకుమారి ఫోటో కూడా తీయించుకుంది.

ఊరే నీటికి ఒక వాసన ఉంటుంది. కొంచెం తీపి, కొంచెం పులుపు, కొంచెం పాపం. ఒక ఉదయం తూర్పుగాలి ఆ వాసనను రోడ్డు దాకా మోసుకుపోయింది. రోడ్డు మీద సారా కట్టడి శాఖ వారి జీపు వెళుతోంది.

జీపులోంచి ఇన్‌స్పెక్టర్ దక్షిణామూర్తి గారు దిగారు. వెనక నలుగురు కానిస్టేబుళ్లు దిగారు. ఆయన డ్రమ్ము మూత తీసి, కళ్లు మూసుకుని, పువ్వు వాసన చూసినట్టు చూశారు.

"ఏముందమ్మా ఇందులో?"

"తవుడు, బెల్లం, ఈస్టు, నీళ్లండి."

"రాసుకో" అన్నారాయన కానిస్టేబుల్‌తో. "తయారీ విధానమంతా ముద్దాయి స్వచ్ఛందంగా వెల్లడించినది."

తాయారు కంగారు పడిపోయింది. "అయ్యబాబోయ్, ఇది సారా కాదండి. మనుషులెవరూ తాగరండి. చేపలు తాగుతాయండి!"

అక్కడే ఆమె పొరపాటు చేసింది. పంచనామా కాగితంలో 'వినియోగదారులు' అని ఒక గడి ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో దక్షిణామూర్తి గారికి ఆ గడిని నింపే భాగ్యం కలగలేదు. అడిగితే ప్రతివాడూ నాకు తెలీదండి అనేవాడే. మొట్టమొదటిసారి ఒక ముద్దాయి సూటిగా జవాబు చెప్పేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎందరమ్మా?"

"ఎనిమిది వేలండి."

"పేర్లు?"

"ఎక్కువ శీలావతేనండి. కొన్ని బొచ్చెలండి."

"శీలావతి అని పేరు పెట్టుకుని..." అని ఆయన తల అడ్డంగా ఆడించారు. "వయసు?"

"మొన్నటికి పది నెలలు నిండాయండి."

దక్షిణామూర్తి గారి కలం ఆగిపోయింది. ఆయన కానిస్టేబుళ్ల వైపు చూశారు. కానిస్టేబుళ్లు చెరువు వైపు చూశారు.

"ఎనిమిది వేలమంది" అన్నారాయన గొంతు తగ్గించి. "అందరూ మైనర్లు."

పంచనామాకు సాక్షి కావలసి వచ్చింది. గట్టుమీద ఖాళీగా ఉన్నవాడు పెద్దిరాజు మేనమామ కొడుకు ఏడుకొండలు ఒక్కడే. అతను పొద్దున్నే రెండు సీసాలు పట్టించి ఉండటంవల్ల సంతకం గీత మీద నిలవలేదు. కానిస్టేబుల్ దయతలచి అతని చెయ్యి పట్టుకుని సంతకం చేయించాడు. డ్రమ్ముకు సీలు వేసి జీపెక్కించుకుని శాఖవారు వెళ్లిపోయారు.

మర్నాడు తాయారు స్వర్ణకుమారిని వెంటబెట్టుకుని టౌన్లో సారా కట్టడి శాఖ ఆఫీసుకు వెళ్లింది.

"సార్, అవి చేపలు" అంది స్వర్ణకుమారి.

"అమ్మా, చట్టంలో 'సేవించిన ప్రాణి' అని ఉంది. 'మనిషి' అని ఎక్కడా లేదు. మేము చట్టాన్ని చదువుతాం, ఊహించం" అన్నారు దక్షిణామూర్తి గారు.

"చేపలకి మత్తెక్కదు సార్."

"అది పరీక్షలో తేలాలి. ప్రథమ దృష్ట్యా మాత్రం ఎక్కినట్టే."

"పోనీ ఎప్పుడిస్తారండి డ్రమ్ము?" అంది తాయారు.

"సేవించడానికి కనీస వయసు ఇరవై ఒక్క సంవత్సరాలు. వినియోగదారులకు ఆ వయసు వచ్చేవరకు ఓపిక పట్టండి."

"ఏడాదికే పట్టేస్తామండి వాటిని!"

"తొందరపాటు" అని ఆయన ఫైలు మూసేశారు.

పరీక్ష శుక్రవారం జరిగింది. రోడ్డు మీద బండ్లాపి నోట్లో పెట్టి ఊదమనే యంత్రం తెచ్చారు. పెద్దిరాజు నడుంలోతు నీళ్లలో దిగి ఒక శీలావతిని పట్టి ఇచ్చాడు. కానిస్టేబుల్ గొట్టం దాని నోటికి పెట్టి, "ఊదు" అన్నాడు. అది నోరు తెరిచింది, మూసింది. ఊదలేదు.

"ఇంకా గట్టిగా!" అన్నాడు.

చేప తోకతో అతని చెంప మీద ఒక్కటిచ్చి చెరువులోకి దూకింది. రెండోది యంత్రాన్నే మింగబోయింది. మూడోదాన్ని తిన్నగా ఈదమన్నారు. అది వంకర టింకరగా ఈదింది. చేప పుట్టినప్పటి నుంచీ అలాగే ఈదుతుందని తాయారు మొత్తుకుంది.

"అంటే పుట్టినప్పటి నుంచీ తాగుతోందా?" అని దక్షిణామూర్తి గారు అదీ రాసుకున్నారు.

నివేదిక ఇలా వచ్చింది: 'వినియోగదారులు పరీక్షకు సహకరించలేదు. విధి నిర్వహణలో ఉన్న సిబ్బందిపై చేయి చేసుకున్నారు. పరీక్షకు నిరాకరించుట నేరాంగీకారముతో సమానము కావున, ఎనిమిది వేలమందికీ మద్యం మాన్పించు కార్యక్రమము తక్షణమే ప్రారంభించవలెను.'

చేపలు చెయ్యి ఎలా చేసుకుంటాయని పెద్దిరాజు అడిగాడు గానీ, చెంప వాచిన కానిస్టేబుల్ అతని వైపు చూసిన చూపుకి మాట మార్చి వాన సంగతి ఎత్తాడు.

సోమవారం నుంచి కౌన్సెలరు గారు రావడం మొదలుపెట్టారు. తెల్లటి లాల్చీ, మెత్తటి గొంతు. గట్టుమీద కుర్చీ, మైకు, చెరువు వైపు తిప్పి కట్టిన ఫ్లెక్సీ. దాని మీద 'మత్తు మానండి, కుటుంబాన్ని కాపాడండి' అని పెద్ద అక్షరాలు. చదవడానికి వీలుగా కింది అంచు నీళ్లలోకి దించారు.

"మిత్రులారా" అనేవారు ఆయన మైకులో. "మీలో ఎవరు ముందుగా మాట్లాడతారు?"

చెరువు బుడగలు వదిలేది.

"సిగ్గుపడకండి. సమస్య ఉందని ఒప్పుకోవడమే మొదటి మెట్టు."

డ్రమ్ము పోయిన తొమ్మిదో రోజున సంచులు మళ్లీ నిండుగా తిరిగొచ్చాయి. తాయారు ఒక్కో సంచీ పైకి లాగుతుంటే బరువుకి చేతులు కాదు, గుండె లాగేసింది. పొట్టల కింద చారలు మళ్లీ వచ్చాయి. ఆమె పరుగెత్తుకెళ్లి కౌన్సెలరు గారికి చెప్పింది.

"తిండి మానేశారా? చాలా సంతోషం. మానుతున్నవాళ్లలో కనిపించే మొదటి లక్షణమే అది" అన్నారాయన.

"నీటిమీదకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండి."

"మనసు విప్పుతున్నారు. మాట్లాడనివ్వండి."

బుధవారం పొద్దున ఏడు చేపలు వెల్లకిలా తేలాయి. తాయారు వాటిని ఒడ్డున వరసగా పేర్చి, వాటి పక్కనే కూలబడింది. కౌన్సెలరు గారు ఆ ఏడింటినీ లెక్కపెట్టుకుని, పురోగతి నివేదికలో ఒక వాక్యం రాశారు: 'ఏడుగురు శాశ్వతముగా మానివేసిరి.' గురువారం పంతొమ్మిదిమంది మానేశారు. ఇంత వేగంగా ఫలితాలు రావడం రాష్ట్రంలో ఇదే మొదటిసారని ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఇక తాయారుకి కోపమొచ్చింది. ఆవిడకి కోపం రావడం తక్కువ. వస్తే మాత్రం కేకలేయదు. గొంతు తగ్గించి, నిదానంగా, ఎదుటివాళ్ల భాషలోనే మాట్లాడుతుంది. పెద్దిరాజు పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆ గొంతు విని, ఆనాటి నుంచి చెప్పులు గుమ్మం బయటే విడుస్తున్నాడు.

ఆమె ఒక చచ్చిన చేపను తామరాకులో చుట్టుకుని సరాసరి దక్షిణామూర్తి గారి బల్ల మీద పెట్టింది.

"అయ్యగారూ, మా చేపలు తాగుబోతులే. ఒప్పుకుంటున్నానండి."

ఆయన నిటారుగా కూర్చున్నారు.

"మా ఏడుకొండలు అన్నయ్యకి ఓసారి ఉన్నపళాన మందు మానిపిస్తే ఫిట్సొచ్చి పోబోయాడండి. పెద్దాసుపత్రిలో ఒకేసారి మానకూడదన్నారు. అలాంటోళ్లకి మీ చట్టంలో ఏదీ లేదాండి?"

దక్షిణామూర్తి గారు లేచి బీరువా తెరిచారు. మూడు పుస్తకాలు దించారు. రెండుసార్లు తుమ్మారు. పదిహేడో పేజీలో దొరికింది: 'మానినచో ప్రాణాపాయము కలుగు వినియోగదారులకు, వైద్యుని ధ్రువీకరణపై, వయసుతో నిమిత్తము లేకుండా ఆరోగ్య పర్మిట్టు జారీ చేయవచ్చును.'

"వయసుతో నిమిత్తము లేకుండా" అని ఆయన మరోసారి పైకి చదివి, ఆ వాక్యాన్ని వేలితో తడిమారు. "ఎంత దయగల చట్టం!"

"మరి ఇప్పించండి."

"ఎనిమిది వేలమందికీ విడివిడిగా దరఖాస్తులు పెట్టాలి. ఒక్కొక్కరికి రెండు పుట్టుమచ్చలు."

"ఎనిమిది వేలు లేరండి. మొన్న ఏడుగురు, నిన్న పంతొమ్మిదిమంది మానేశారుగా."

"నంబర్లు ఎనిమిది వేలకే ముద్రిస్తాం. మానేసినవారి పర్మిట్లు గౌరవార్థం ఉంచుకోండి."

స్వర్ణకుమారి వైద్యురాలిగా సంతకాలు పెట్టింది. రెండు రోజులు, మూడు కలాలు. పుట్టుమచ్చల గడిలో 'పొలుసులు కలవు' అని రాసింది. 'జాతి' అనే గడిలో శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అని మూడే అచ్చువేయించారు, వినియోగదారులు చదువుకోవడానికి తేలికగా ఉంటుందని. పెద్దిరాజు ఒక్కో కాగితం మీద తడిపిన చేప తోకను అద్ది వేలిముద్రలు పూర్తిచేశాడు.

డ్రమ్ము తిరిగొచ్చింది. తాయారు ఆ సాయంత్రమే సంచులు కట్టింది. రెండు రోజులు ఒక్క చేపా దగ్గరికి రాలేదు. మూడో రోజు ఒక గడ చిన్నగా ఊగింది. తర్వాత దాని పక్కది ఊగింది. వారంలో చెరువంతా గడలు ఊగుతుంటే తాయారు గట్టుమీద నిలబడి, నవ్వుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సారా కట్టడి శాఖకు సారాను కట్టడి చేయడం ఒక పని. దాన్ని అమ్మించడం ఇంకో పని. ఈ రెండో పని చేసే గది అదే ఆఫీసులో మేడ మీద ఉంటుంది. అక్కడి వారు మల్లెటిలంక పర్మిట్లు చూసి, ఎనిమిది వేలమంది నికరమైన వినియోగదారులు ఒక్కచోట దొరకడం అదృష్టమనుకుని, తాయారును 'అధీకృత సరఫరాదారు'గా గుర్తించి నెలవారీ లక్ష్యం పంపించారు. నెలకు మూడు డ్రమ్ములు ఖర్చు చూపించాలి. తగ్గితే సంజాయిషీ.

దక్షిణామూర్తి గారు ఇప్పుడు ఆ లక్ష్యం చూసుకోవడానికి వచ్చేవారు. నీళ్లలోకి తొంగిచూసి, "ఏమ్మా, ఈ వారం కొంచెం మందకొడిగా ఉన్నట్టున్నారు?" అనేవారు దిగులుగా.

"ఇదివరకు తాగుతున్నాయన్నారు, ఇప్పుడు తాగట్లేదంటున్నారు. చేపేం చేస్తుందండి?" అనేవాడు పెద్దిరాజు.

"బాధ్యతగా తాగమనండి."

మార్గశిరంలో చేపల పట్టుబడి పెట్టుకున్నారు. తెల్లారేసరికి వలలు లాగడం మొదలైంది. చేపలు ఏపుగా, నిగనిగలాడుతూ, ఒక్కోటి చంటిపిల్లంత బరువున వచ్చాయి. పెట్టెల్లో చేపా మంచూ పొరలుపొరలుగా పేర్చి లారీకెత్తారు. ఆ లారీ కదిలితే తాయారు ఏడాది గట్టెక్కినట్టు. మధ్యాహ్నం లోగా రైలుకి అందాలి. అందకపోతే మంచు నీరై, చేప మెత్తబడి, కొనేవాడు ముక్కు మూసుకుంటాడు.

డ్రైవరు తాళం తిప్పేవేళకి జీపు వచ్చి అడ్డంగా ఆగింది.

"ఎక్కడికి తీసుకెళుతున్నారమ్మా మా వినియోగదారుల్ని?" అన్నారు దక్షిణామూర్తి గారు, లారీకి అడ్డంగా నిలబడి.

"అమ్మడానికండి. చేపల్ని పెంచేదే అందుకండి."

"ఈ నెల లక్ష్యంలో ఇంకా పాతిక లీటర్లు మిగిలి ఉంది. అది పూర్తి కాకుండా వినియోగదారులు సరఫరా కేంద్రాన్ని విడిచి వెళ్లరాదు."

"చచ్చిపోయాయి కదండీ!"

"కాగితం మీద లేదే."

లారీ కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తాయారు ఆ చుక్కల వైపు చూసింది. గొంతు తగ్గించింది. పెద్దిరాజు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యగారూ, సరుకు నాణ్యత మీరు పరీక్షించొచ్చాండి?"

"పరీక్షించవచ్చు. నమూనా సేవించే అధికారం మాకుంది."

"నమూనా అంటే ఎంతండి?"

ఆయన ఆలోచించారు. పుస్తకం తెప్పించారు. పుస్తకంలో 'తగినంత' అని ఉంది.

"మీరు, నలుగురు కానిస్టేబుళ్లు, జీపు డ్రైవరు. ఆరుగురండి. మనిషికి నాలుగు లీటర్ల చిల్లర. లక్ష్యం పూర్తయిపోద్దండి, ఆయ్" అంది తాయారు, స్టీలు గ్లాసులు కడుగుతూ.

ప్రభుత్వ లక్ష్యం ముందు వ్యక్తిగత ఇష్టాయిష్టాలకు తావులేదని దక్షిణామూర్తి గారు మొదటి గ్లాసు ఎత్తారు. పులిసిన తవుడు నీళ్లు గొంతు దిగేటప్పుడు ఆయన ముఖంలో చాలా రంగులు మారాయి. కానిస్టేబుళ్లు ముక్కులు మూసుకుని వరసగా తాగారు. చెంప వాచిన కానిస్టేబుల్ మూడో గ్లాసు దగ్గర ఏడ్చాడు. అలా గ్లాసు మీద గ్లాసు, గుటక మీద గుటక. గంటన్నరకి పాతిక లీటర్లు పోసిపెట్టిన క్యాను అడుగు కనబడింది. దక్షిణామూర్తి గారు పర్మిట్ల కట్ట మీద 'లక్ష్యము సంపూర్ణము' అని రాసి, త్రేన్చి, చెయ్యి ఊపారు.

లారీ కదిలింది. కాలవ వంతెన దాటి మలుపు తిరిగేదాకా తాయారు కళ్లార్పలేదు. సాయంత్రం రైలు అందిందని ఫోనొచ్చాక గానీ ఆవిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ జీపు చప్పుడైంది. తాయారు గబగబా గట్టుమీదికి వచ్చింది. చెరువులో చేప లేదు. ఇంకా దేనికి వచ్చినట్టు?

దక్షిణామూర్తి గారొక్కరే దిగారు. యూనిఫాం లేదు. చొక్కా, పంచె. ముఖం ఎన్నడూ లేనంత తేటగా ఉంది. చేతిలో మూతపెట్టిన పాలక్యాను.

"అమ్మా, డ్యూటీ మీద రాలేదు" అన్నారాయన అటూ ఇటూ చూస్తూ. "పదిహేనేళ్లుగా ఈ పొట్టతో నానా బాధలూ పడుతున్నాను. చూపించని డాక్టరు లేడు. అలాంటిది ఇవాళ పొద్దున... ఎలా చెప్పను... చిన్నపిల్లాడికి జరిగినంత సుఖంగా జరిగింది. ఒక్క రెండు లీటర్లు పోస్తావా?"

తాయారు తటపటాయించింది. డ్రమ్ములో కొత్తది ఊరుతోంది, వచ్చే నెల వేయబోయే పిల్ల చేపల కోసం. కానీ పోయడానికి భయం.

"అయ్యగారూ, తమరు నమూనాకి రాలేదు కదండీ. మరి... పర్మిట్టు లేకుండా పోస్తే నాకు మళ్లీ కేసవుద్దేమోనండి."

"అంత తెలియకుండా వస్తానా?" అని ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారు.

తాయారు వెలుతురులోకి తిప్పి చదివింది. నంబరు ఎనిమిది వేల ఒకటి. ధ్రువీకరించిన వైద్యురాలు స్వర్ణకుమారి. పుట్టుమచ్చల గడిలో 'పొలుసులు కలవు'. జాతి: బొచ్చె.

"ఆ మూడిట్లో ఏదో ఒకటి రాయకపోతే దరఖాస్తు చెల్లదు" అన్నారు దక్షిణామూర్తి గారు నేల చూపులు చూస్తూ. "శీలావతి అని రాసుకోవడానికి మనసొప్పలేదమ్మా."

తాయారు సంతకం చూసింది, సీలు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. క్యాను అందుకుని డ్రమ్ము దగ్గరికి నడిచింది.